రైలుని ఊపిరిలో పట్టినవాడు

ఆ కూత విన్నారా? ఒక్క నిమిషం మాటలాపండర్రా. పట్టాలు మనింటికి ఇంత దూరమా, అయినా చలికాలం రాత్రి గాలి ఇటు తిరిగిందంటే పక్కనే పోతున్నట్టుంటుంది. ఈ నాష్‌విల్‌లో రైలు కూసినప్పుడల్లా నాకొక మనిషి గుర్తొస్తాడు. ఆ మంటలో ఇంకో రెండు పుల్లలు వెయ్యి నాన్నా, చెబుతా.

ఆయన పేరు డిఫోర్డ్ బెయిలీ. 1899 డిసెంబరులో ఇక్కడికి తూర్పునున్న స్మిత్ కౌంటీలో, నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తాతగారు ఫిడేలులో పేరున్న మనిషి. పసితనంలోనే తల్లి పోతే మేనత్త పెంచింది. మూడేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఏడాదిపాటు మంచం దిగలేదు. తలా చేతులూ తప్ప ఏదీ కదిలేది కాదు. వాళ్ళింట్లో గిలక్కాయకి బదులు మౌత్ ఆర్గాన్ చేతిలో పెట్టారట. పడుకునే దాన్ని ఊదేవాడు. పెరట్లో కోడి అరిచినా, అడవిలో వేటకుక్కలు నక్కని తరిమినా, ఎక్కడో రైలు పోయినా చెవులు రిక్కించి వినడం, విన్నది ఊదడం. వేరే పనేముంది ఆ పిల్లాడికి? ప్రాణం దక్కింది కానీ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాల దగ్గరే ఆగిపోయింది.

బడికెళ్ళే దారిలో రైలు వంతెన ఉండేది. దాని కింద నిలబడి రైలు కోసం చూసేవాడు. చూసేవాడన్నానా, కాదు. రైలు వచ్చేసరికి తల వంచి, రెండు చేతులతో కళ్ళు మూసుకునేవాడు. కంటికేమీ కనబడకపోతే చెవికి అంతా అందుతుంది మరి. ఆ చప్పుడుని బడిదాకా నోట్లోనే మోసుకుపోయేవాడు.

1925లో ఇక్కడ డబ్ల్యు.ఎస్.ఎం. రేడియో మొదలైంది. మరుసటేడు డిఫోర్డ్‌ని పిలిచారు. ప్రతి శనివారం రాత్రి పల్లెపాటల కార్యక్రమం. 1927 డిసెంబరులో ఒకనాడు, అంతకుముందు గంటలో న్యూయార్క్ నుంచి శాస్త్రీయ సంగీతం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ఆ సంగీతంలో చోటు లేదంటూనే, డామ్రోష్ అనే సంగీత దర్శకుడు రైలుని తలపించే రచన ఒకటి వినిపించాడు. అది ముగియగానే ఇక్కడి వ్యాఖ్యాత జార్జ్ హే, మా దగ్గర ఉన్నది ఉన్నట్టే వినండి అంటూ డిఫోర్డ్‌ని పిలిచాడు. ఈయన 'పాన్ అమెరికన్ బ్లూస్' ఎత్తుకున్నాడు. పాన్ అమెరికన్ అంటే ఈ ఊరి మీదుగా న్యూ ఆర్లియన్స్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్. అరచేతిలో ఇమిడే వాయిద్యంలోంచి ఆ రైలు కదిలింది, వేగం అందుకుంది, కూత పెట్టింది. ఆ ఊపులో హే అన్నాడు, ఇందాకటిది గ్రాండ్ ఆపెరా అయితే మాది 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అని. ఈనాటికీ ఆ కార్యక్రమానికి అదే పేరు. ఆ పేరు పుట్టింది డిఫోర్డ్ ఊపిరి చల్లారకముందే.

1928లో ఆప్రీలో 49 వారాలు ఆయన వాయించాడు. ఆ ఏడు అంతసార్లు వాయించినవాళ్ళు ఇంకెవరూ లేరు. అదే ఏడు ఈ ఊళ్ళోనే విక్టర్ కంపెనీకి రికార్డులిచ్చాడు. రేడియోలో రంగు కనబడదు కదా, ఆయన నల్లవాడని చాలామందికి తెలియదు. ఊళ్ళు తిరిగినప్పుడే అసలు బాధ. జనం ఆయన కోసం వచ్చేవాళ్ళు, చప్పట్లు మోగేవి. రాత్రికి హోటల్లో మాత్రం గది ఇచ్చేవాళ్ళు కాదు. బాంజో వాయించే అంకుల్ డేవ్ మేకన్, ఇతను నా పనిమనిషి అని చెప్పి తన గదిలో చోటిప్పించేవాడు. అప్పటికింకా కొత్త గాయకుడైన రాయ్ ఏకఫ్ తన ప్రదర్శనలకి జనం రావాలని డిఫోర్డ్‌ని వెంటబెట్టుకుని తిరిగాడు.

1941లో తీసేశారు. పాటల హక్కులు చూసే ఆస్కాప్ సంఘానికీ రేడియోలకీ డబ్బు దగ్గర తగవు వచ్చింది. ఆయనకి పేరు తెచ్చిన పాటలు ఆ సంఘం కింద ఉన్నవే. పాతవి వాయించడానికి వీల్లేదు, కొత్తవి తెమ్మన్నారు. జనమేమో పాతవే అడిగేవాళ్ళు. చివరికి, కొత్తవి నేర్చుకోలేదు, సోమరి అని హే పుస్తకంలో రాశాడు. ఒక ఏడాదిలో 49 వారాలు వచ్చి వాయించినవాడు సోమరా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

తర్వాత ఈ ఊళ్ళోనే బూట్లకి పాలిష్ పెట్టే కొట్టు నడుపుకున్నాడు. మౌత్ ఆర్గాన్ మాత్రం వదల్లేదు. 1974లో, డెబ్భై అయిదో పుట్టినరోజున, ఆప్రీ వేదిక మీద మళ్ళీ వాయించాడు. 1982 జులైలో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చింది 2005లో. నేను ఈ ఊరొచ్చింది 1984లో. ఇంకాస్త ముందొచ్చుంటే ఆయన ఎక్కడుంటున్నాడో కనుక్కుని, చూసొచ్చేవాణ్ణి.

మీరు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు. ఇక్కడి పాటల సంగతి ఎవరడిగినా ముందు ఆయన పేరు చెప్పండి. రేపు బడికెళ్ళేటప్పుడు గేటు పడితే, కారు అద్దం దించమని అమ్మనడగండి. పెట్టెలు లెక్కపెట్టకండి. కళ్ళు మూసుకుని, చివరి పెట్టె దాటిందాకా వినండి.