పిడికిలి మీది డేగ, ఆకాశంలోని డేగ

తెలుగులో 'బైరి' అనే మాట ఒకటి ఉంది. నిఘంటువులు దానికి 'ఒక జాతి డేగ' అని అర్థం చెప్పి ఊరుకుంటాయి. బైరిడేగ అని కూడా అంటారు. ఈ మాట పుట్టిల్లు మన దేశం కాదు. అరబ్బీలో 'బహ్ర్' అంటే సముద్రం, 'బహ్రీ' అంటే సముద్రానికి సంబంధించినది. నీటి పక్షులు గుమిగూడే చోట వేటాడే పెద్ద డేగకు ఆ పేరు వచ్చింది. ఫార్సీ, ఉర్దూల మీదుగా దక్కనుకు చేరి, తెలుగువారి నోట బైరి అయింది. దాని దగ్గరి చుట్టం షాహీన్ మన రాతి గుట్టల మీదనే గూడు పెట్టుకొని ఏడాది పొడుగునా ఉంటుంది, కాని పేరు మాత్రం ఫార్సీది. రెండు మాటలూ వేటగాళ్ల పిడికిలి మీద కూర్చొని వచ్చాయని చెప్పవచ్చు. దర్బారుల్లో డేగలను పెంచే 'మీర్ షికారు'లు ఉండేవారు. వారి మాటలే జనం మాటలయ్యాయి.

అందువల్లనేమో, ముస్లిముల చరిత్రలో డేగ అనగానే మనకు చేతి తొడుగు, కాళ్ల తాళ్లు, కళ్లగంత గుర్తుకు వస్తాయి. ఎవరి చేతి మీదా లేని డేగను, తన మానాన తాను ఎగిరే పక్షిని, ఊరికే చూసి ఆనందించినవారు మన పూర్వులలో లేరా? ఉన్నారు. అయితే వారిలో చాలామంది మొదట వేటగాళ్లే. చూపు వేట నుంచి ఎలా విడివడిందో తెలుసుకోవడం ఆసక్తికరమైన విషయం.

వేటకు శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చినది తినడానికి దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరాలో అనుమతి ఉన్నదని పాఠకులకు తెలుసు. అదే గ్రంథంలో అన్ నహ్ల్, అల్ ముల్క్ సూరాలు తలపైన ఎగిరే పక్షులను చూడమంటాయి. అక్కడ వేట ప్రసక్తి లేదు. రెక్కలు చాచడాన్ని, ముడవడాన్ని గమనించమనడమే ఉంది. అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు కూడా ఇక్కడ చెప్పుకోదగినది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక చిన్న పిట్ట పిల్లలను రెండింటిని పట్టుకొన్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) ఆ పిట్టను చూసి, దాని బిడ్డలను తీసి దానిని బాధపెట్టినది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారు. సహచరులకు కనబడినవి పిల్లలు, ఆయనకు కనబడినది తల్లి.

అరబ్బు ఎడారివాసుల వేటలోనూ ఇటువంటి మర్యాద ఒకటి ఉండేది. శీతకాలానికి ముందు ఉత్తరం నుంచి వలస వచ్చే డేగలను పట్టి, కొన్ని వారాలలో మచ్చిక చేసి, చలికాలమంతా వాటితో వేటాడి, వసంతం రాగానే వదిలివేసేవారు. ఎండాకాలంలో వాటిని పోషించడం కష్టం కావడం ఇందుకు ఒక కారణం. కారణం ఏదైనా, డేగ వారికి ఆస్తి కాదు, ఒక కాలానికి దొరికిన అరువు. ఏ గాలికి ఏ దిక్కు నుంచి వస్తుందో, ఎక్కడ వాలుతుందో ఎరుగనివాడు దానిని పట్టలేడు. డేగలు పట్టేవాడు ముందు డేగలను చూడడం నేర్చినవాడు.

సిరియాలో ఆసీ నది ఒడ్డున ఉన్న షైజర్ కోటలో 1095లో జన్మించిన ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ తన 'కితాబుల్ ఇతిబార్'లో తండ్రి వేట ముచ్చట్లు ఎన్నో వ్రాశాడు. శిలువ యుద్ధాల కాలం అది. ఒకవైపు ఫిరంగీలతో పోరాటం, మరొకవైపు మంచి డేగల కోసం కాన్‌స్టాంటినోపుల్ దాకా మనుషులను పంపడం! వారింట అల్ యహ్‌షూర్ అనే డేగ పదమూడేళ్లు ఇంటి మనిషివలె బ్రతికింది. ఒకరోజు పొరుగున ఉన్న హమా పట్టణంలో ఖుర్ఆన్ పఠించేవారితో, తక్బీర్లు పలికేవారితో ఒక శవపేటిక సాగిపోయింది. పాలకుని బిడ్డ పోయిందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఆ పేటికలో ఉన్నది అల్ యహ్‌షూర్. ఆ అంత్యక్రియలకు ఆ డేగ తగినదేనని పాలకుడు చెప్పాడట. ధర్మం దృష్టిలో ఇది అతిశయమే అనవలసి వస్తుంది. ప్రేమ మాత్రం నిజమైనది. అయితే అది యజమాని ప్రేమ. తన చేతి మీది డేగను ఎరిగినంతగా కొండ కొమ్మున ఉన్న డేగను ఆ పాలకుడు ఎరుగడు.

ఏ ప్రయోజనమూ లేని ఆనందం నాకు మొదట కనబడేది బాబరు స్వీయచరిత్రలో. అప్పటికి అతనికి హిందూస్థానం లేదు. 1504లో కాబూలును గెలిచిన కొత్తలో గజ్నీకి దక్షిణాన ఉన్న ఆబె ఇస్తాదా అనే ఉప్పునీటి సరస్సు వైపు వెళ్లాడు. నీటికి, ఆకాశానికి మధ్య ఉషస్సువంటి ఎరుపు ఒకటి కనిపించి, మాయమై, మళ్లీ కనిపించిందట. దగ్గరికి వెళితే తెలిసింది, అవి పక్షులు! రెక్కలు ఎగరవేసినప్పుడు ఎరుపు, ముడిచినప్పుడు ఏమీ లేదు. పదివేలా, ఇరవైవేలా అని లెక్క కట్టబోయి, లెక్కకు అందవని వ్రాసుకున్నాడు. ఒడ్డున వాటి గుడ్లు ఉన్న సంగతినీ మరువలేదు. అవి ఫ్లెమింగోలని పండితుల అభిప్రాయం. చలికాలంలో సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకు వెళ్లినవారికి ఆ ఎరుపు ఎలా వెలిగి ఆరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బాబరు మునిమనుమడు జహంగీరు దగ్గర మనం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 1605 నుంచి 1627 వరకు ఏలిన ఈ పాదుషా తాగుడు గురించి, నూర్‌జహాన్ గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. అతని కళ్ల గురించి చెప్పినవారు తక్కువ. అతడు గొప్ప వేటగాడు. పన్నెండవ ఏట మొదలుకొని తాను చంపిన ప్రాణుల లెక్క తీయించి 'తుజుకె జహంగీరీ'లో ఎక్కించాడు. మొత్తం 17,167. అందులో పక్షులు 13,964, వాటిలో పావురాలే 10,348. ఈ అంకెలు చదివి ఒళ్లు గగుర్పొడిచినా, అంత జాగ్రత్తగా లెక్క వ్రాయించుకునే అలవాటు తరువాత మరొక పనికి వచ్చింది.

1619లో ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ అతనికి ఒక షున్‌ఖార్‌ను పంపాడు. అతి శీతల దేశాలలో ఉండే, డేగలన్నిటిలోకీ పెద్దదైన జాతి అది. తెస్తున్నవారి అజాగ్రత్తవల్ల దారిలో దానిని పిల్లి గాయపరచింది. దర్బారు చేరిన తరువాత వారం కంటె ఎక్కువ బ్రతకలేదు. జహంగీరు దాని ఒంటి మీది నల్లని మచ్చలను, రెక్కల, వీపు, పక్కల ఈకల సొగసును వర్ణించి, 'నాదిరుల్ అస్ర్' బిరుదు పొందిన ఉస్తాద్ మన్సూరుతో దాని చిత్రం వ్రాయించాడు. మరుసటి సంవత్సరం కాశ్మీరు దారిలో ఒక సెలయేటి దగ్గర మరొక వింత చూశాడు. ఒక చిన్న పిట్ట నీటిలో మునిగి, చాలాసేపు లోపలే ఉండి, మరొకచోట తేలుతున్నది. దాని కాలివేళ్ల మధ్య బాతుకు ఉన్నట్లు పొర ఉందా, లేక నేల పిట్టలకు ఉన్నట్లు వేళ్లు విడిగా ఉన్నాయా? ఇదీ పాదుషా సందేహం. రెండు పిట్టలను పట్టి తెచ్చారు. ఒకటి వెంటనే చచ్చింది, మరొకటి ఒక్కరోజు బ్రతికింది. వేళ్లు విడిగానే ఉన్నాయి. సందేహం తీరింది. ఖర్చు రెండు ప్రాణాలు.

సారస పక్షుల కథ ఇలాంటిది కాదు. చిన్నప్పుడే పట్టి తెచ్చిన ఒక జంటకు లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి అయిదేళ్లు పెంచారు. 1618లో పాదుషా అహ్మదాబాదులో ఉండగా అవి జతకట్టాయి. ఆ సమయం రాగానే తనకు తెలపాలని ముందే ఆజ్ఞ ఉండడంతో, తెల్లవారుజామున కబురందగానే పరుగున వెళ్లి స్వయంగా చూశాడు. ఆడది రెండు గుడ్లు పెట్టింది. ఆ తరువాత వ్రాసినదంతా కాపలావాని డైరీలా ఉంటుంది. రాత్రంతా ఆడపక్షి గుడ్ల మీద కూర్చుంటే మగది పక్కన నిలబడి కావలి కాసేది. ఒకసారి ముంగిసవంటి జంతువొకటి రాగా, అది బొరియలో దూరేదాకా తరిమింది. పొద్దు పొడవగానే మగది వచ్చి ఆడదాని వీపును ముక్కుతో పొడిచేది. అప్పుడు అది లేస్తే ఇది కూర్చునేది. లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ గుడ్లకు దెబ్బ తగలకుండా ఎంత మెలకువగా ఉండేవో కూడా వ్రాశాడు. ముప్పైనాలుగు రోజులకు గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. మగది పిల్లను కాలు పట్టి తలక్రిందులుగా ఎత్తడం చూసి, చంపుతుందేమోనని భయపడి వేరు చేయించాడు. తరువాత అది ముద్దుచేయడమే అని గ్రహించి, మళ్లీ కలపమన్నాడు.

ఈ చివరి సంగతి నాకు ఎంతో నచ్చింది. పాదుషా తాను తొందరపడి పొరబడ్డాననే విషయాన్ని తన చరిత్రలో తానే వ్రాసుకున్నాడు. కోయిల తన గుడ్లను కాకి గూట్లో పెట్టడాన్ని కూడా అతడు గమనించి వ్రాశాడు. ముప్పైనాలుగు రోజుల లెక్క నేటి శాస్త్రజ్ఞుల లెక్కకు దగ్గరగానే ఉంది. ఇంచుమించు ఈ కాలంలోనే మనుమడు షుజా జబ్బుపడగా, ఇక ఏ ప్రాణినీ తన చేతితో హింసించనని మొక్కుకొని కొన్నేళ్లు ఆ మాట నిలుపుకున్నాడు. ఆ మొక్కుకు కారణం మనుమడే, సారసాలు కావు. అయినా ఆ పుటలను ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే, తుపాకి దించిన చేతికి వేరే పని దొరికినట్లు తోస్తుంది.

మూడు వందల ఏళ్ల తరువాత బొంబాయిలో ఇదే కథ మళ్లీ జరిగింది. 1896లో జన్మించి, తల్లిదండ్రులను పోగొట్టుకొని, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగిన సాలిం అలీ చిన్నతనంలో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పిచ్చుకో, తినవచ్చునో లేదో అని సందేహం కలిగింది. ఆ పిట్టను పట్టుకొని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. ఆ సందేహమే అతని జీవితాన్ని మలుపు తిప్పింది. ఉద్యోగం లేని రోజుల్లో, 1930లో, కిహీం గ్రామంలో గిజిగాళ్ల గూళ్ల ఎదుట మాటు వేసి కూర్చొని, మగపక్షి గూడు సగం అల్లి, ఆడది వచ్చి ఒప్పుకుంటేనే పూర్తి చేసి, ఆ తరువాత ఇంకొక ఆడదాని కోసం ఇంకొక గూడు మొదలుపెడుతుందని కనుగొన్నాడు.

మన ప్రాంతానికి ఆయన చేసిన మేలు అంతగా తెలియదు. 1931లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే ప్రారంభించాడు. భార్య తెహ్‌మీనా వెంట ఉండగా, ఎడ్లబండ్ల మీద గుడారాలు వేసుకుంటూ అడవులు తిరిగాడు. ఫలితాలు ఆ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఆ రోజుల పద్ధతి ప్రకారం నమూనాలను కొట్టి తెచ్చినమాట నిజమే. కాని ఆయనకు పేరు తెచ్చినది చర్మాల పెట్టె కాదు, బ్రతికి ఉన్న పక్షి ఏమి చేస్తుందో చూసే ఓపిక. 1941లో వచ్చిన ఆయన పుస్తకం చేతబట్టుకొని ఎందరో తుపాకి లేకుండా అడవికి వెళ్లడం నేర్చుకున్నారు. ఆయన 1987లో కన్నుమూశాడు.

ఊరికే చూడడంవల్ల ఏమి ఉపయోగం అని అడిగేవారికి ఒక ఉదాహరణ చెప్పాలి. బ్రిటనులో పందెపు పావురాలు పెంచేవారు, బైరిడేగలు మరీ ఎక్కువై తమ పావురాలను తినేస్తున్నాయని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1961లో లెక్క మొదలుపెడితే, ఏటేటా కొండ గూళ్లను చూసి వచ్చేవారు తలలు పట్టుకున్నారు. గూళ్లు ఖాళీ! తగ్గిపోతున్న పక్షి మీద ఎక్కువైందని ఫిర్యాదు! డి.డి.టి. వంటి పురుగుమందులు పిట్టల ద్వారా డేగల ఒంట్లోకి చేరి గుడ్డు పెంకును పలుచన చేస్తున్నాయనీ, తల్లి బరువుకే గుడ్లు చితికిపోతున్నాయనీ 1967లో తేలింది. అమెరికా 1972లో ఆ మందును నిషేధించింది. 1999లో బైరిని అంతరించే ప్రాణుల పట్టిక నుంచి తొలగించగలిగింది. అరబ్బు దేశాలలో పాత మర్యాద కొత్త రూపంలో తిరిగి వచ్చింది. షేఖ్ జాయద్ పేరిట 1995లో ఆరంభమైన పథకం కింద, వేటకు వాడిన డేగలను వసంతంలో వాటి సహజ ప్రదేశాలలో వదులుతున్నారు.

మా వీధి చివరి మసీదు మినారుకు కూడా నాలుగేళ్లుగా ఒక బైరి వస్తున్నది. నవంబరులో వచ్చి మార్చిలో పోతుంది. ఫజ్ర్ నమాజు ముగిసి బయటికి వచ్చే వేళకు పైఅంచున కూర్చొని ఉంటుంది. బూడిదరంగు వీపు, బుగ్గల మీద నల్లని మీసకట్టు. పావురాలు కూయడం మానివేస్తే అది వచ్చినట్లే లెక్క. రెక్కలు బిగించి రాయిలా పడుతుంది. ఆ వేగం గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటుతుందంటారు. అయినా నేను చూసినన్ని సార్లలో ఎక్కువసార్లు గురి తప్పి, ఏమీ జరగనట్లు తిరిగి వచ్చి కూర్చుంది. మొదటి ఏడు పావురాలను తినేస్తున్నదని పిల్లలు రాళ్లు రువ్వారు. మౌజన్ సాహెబ్ కూడా అడ్డు చెప్పలేదు, ఆయనకు పావురాలంటే ప్రాణం. మొన్న శీతకాలంలో నేను ఆయన గదికి వెళ్లినప్పుడు గోడకు వ్రేలాడుతున్న నమాజు వేళల పట్టిక చూశాను. నవంబరు అంచున పెన్సిలుతో మూడు తేదీలు వ్రాసి ఉన్నాయి, ఏటికొకటి. "ఈసారి ఆరు రోజులు ఆలస్యం సాబ్" అన్నాడు, నాలుగవ తేదీ వ్రాసుకుంటూ.