గాలి ఎర్రరాయి అయ్యే చోటు: ఒత్తిడిలో ఆక్సిజన్ స్ఫటికాలు

స్ఫటికమంటే పటికబెల్లం పలుకును తలచుకుంటే చాలు. లోపలి అణువులన్నీ ఒక లెక్క ప్రకారం వరుసలు కట్టి ఉంటాయి. మనం పీల్చే ఆక్సిజన్ కూడా అలా గడ్డకడుతుంది. మామూలు వాతావరణ పీడనంలో దాన్ని సున్నాకు దిగువన దాదాపు 219 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచాలి. చల్లబరచకుండా, గది వేడిమిలోనే ఒత్తిడితోనూ గట్టిపరచవచ్చు. అందుకు సుమారు 5.5 గిగాపాస్కల్స్ కావాలి. ఒక గిగాపాస్కల్ అంటే మనమీద గాలి మోపే ఒత్తిడికి దాదాపు పదివేల రెట్లు.

ఇంత ఒత్తిడికి పెద్ద యంత్రం కావాలనుకుంటాం. నిజానికి పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు వజ్రాల కొనలను చదును చేసి ఎదురెదురుగా పెడతారు. నడుమ ఉంచిన లోహపు రేకుకు సన్నని రంధ్రం చేసి, అందులో వాయువు నింపి మరలు బిగిస్తారు. కొన బహు చిన్నది కనుక కొద్దిపాటి బలమే అక్కడ అపారమైన ఒత్తిడి అవుతుంది. వజ్రం పారదర్శకం కావడంతో లోపల ఏం జరుగుతోందో కంటితో చూడవచ్చు, ఎక్స్ కిరణాలూ పంపవచ్చు.

అలా చూస్తుంటే ఆక్సిజన్ రంగులు మారుస్తుంది. 9.6 గిగాపాస్కల్స్ దగ్గర నారింజ, 10 దాటగానే ఎరుపు. 1979లో బయటపడిన ఈ ఎర్ర ఆక్సిజన్ నిర్మాణం 27 ఏళ్లపాటు తేలలేదు. నాబోటి విశ్రాంత గుమాస్తా భాషలో, పెండింగు ఫైలు! ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటాయి. ఒత్తిడికి అణువులు జంటలై నాలుగేసి పరమాణువుల గుంపులు కడతాయని 1999లో వర్ణపట పరిశీలన ఆధారంగా ఒక బృందం చెప్పింది; గొలుసులుగా అల్లుకుంటాయని సిద్ధాంతకర్తల లెక్కలు చెప్పాయి. రెండూ నిలవలేదు. 2006లో రెండు బృందాలు విడివిడిగా ఎక్స్ కిరణాలతో తేల్చాయి: నాలుగు అణువులు దగ్గరికి జరిగి ఎనిమిది పరమాణువుల పెట్టెలా కూడుకుంటున్నాయి. అణువులు మాత్రం విరగలేదు. లోపలి బంధం గట్టిగానే ఉంది, పొరుగు అణువుతో బంధమే బలహీనం. మామూలు ఆక్సిజన్‌కున్న అయస్కాంత గుణం ఈ దశలో ఉండదు.

సుమారు 96 గిగాపాస్కల్స్ వద్ద ఆక్సిజన్ లోహమవుతుంది. దాన్ని 0.6 కెల్విన్‌కు చల్లబరిస్తే విద్యుత్తు నిరోధం లేకుండా పారుతుందని 1998లో గుర్తించారు.

నైట్రోజన్ సంగతి వేరు. 2004లో జర్మనీలోని మైన్జ్‌లో 110 గిగాపాస్కల్స్‌కు పైన, 2000 కెల్విన్ మించిన వేడిలో దాని అణువులే విడిపోయాయి. ప్రతి పరమాణువూ మూడు పొరుగు పరమాణువులతో చేయి కలిపి, ముక్క మొత్తం ఒకే వల అయింది.