పెబ్బేరు సంతలో పశువుల పాట లేదు

మా పెబ్బేరు శనివారపు సంతను గూర్చి లోగడ వ్రాసిన పెద్దలొకరు, ఇచ్చట కోడెదూడలను వారంవారము బహిరంగముగా వేలము వేయుచుండిరనియు, ఆ ధరలు తైబజారు రశీదులయందు భద్రముగా నున్నవనియు నిర్ధారణచేసి, వాని యాధారముననే మా ప్రాంతపు పశువుల వెలల చరిత్రనంతటిని అల్లిపెట్టినారు. వారి పాండిత్యమునకు నమస్కరించుచునే, ఒక్క శనివారమైనను వారు పశువుల నడుమ నిలిచియుండరని చెప్పక తప్పదు.

వేలమున్నమాట నిజమే, అది పశువునకు గాదు, తైబజారుకు. సంతకు వచ్చిన పశువుమీదను, సరకుమీదను రుసుము వసూలుచేసికొను హక్కును ఏటేట పాడుకొను గుత్తదారుని పాట కాగితములకెక్కును. ఆ కాగితము చూచి పశువులనే పాడుకొనిరనుట సాహసము. వారపు పాటయే చూడవలెనన్నచో బుధవారమునాడు దేవరకద్రకు పోయి ఉల్లిగడ్డల కుప్పలచెంత నిలువవచ్చును. ఉల్లిగడ్డకు సుడి చూడ నక్కరలేదు, నడిపించి చూడ నక్కరలేదు.

కోడె సంగతి వేరు. పెదవి యెత్తి పాలపండ్లో రెండుపండ్లో చూచి, నొసటి సుడిని, మూపురమును, గిట్టలను పరికించి, నాలుగడుగులు నడిపించిన పిమ్మట, దళారి తన భుజముమీది తువ్వాలును అమ్మువాని చేతిపై కప్పి, ఆ చాటున వ్రేళ్ళు పట్టి వెల అడుగును. చుట్టును మూగిన పదిమందికి వారి ముఖములే గాని అంకె కనబడదు. అదే తువ్వాలు కొనువాని చేతిమీదికి పోవును, మరల వచ్చును. ఒక వ్రేలు ముడుచుటకు ఒక జాము పట్టిన బేరములు గలవు. అమరాబాదు మందలలోని తూర్పు జాతి దూడలను కురుమూర్తి జాతరలో కొని, రెండు మూడేండ్లు మేపి, కాడికి అలవాటుచేసి, జతకూర్చి అమ్ముకొను రైతునకు ఈ మరుగు అవసరము: తానెంతకు కొన్నదియు తెలిసినవాడు తనకు లాభమిచ్చి కొనునా?

ఇక రశీదులు. రుసుము వెలతో ముడివడినచోట అమ్మువాడును కొనువాడును గుమాస్తాయెదుట ఏకకంఠముగా తగ్గించియే చెప్పుదురు, అది లోకము. పైగా మాది నాడు వనపర్తి సంస్థానము, నిజాము ఏలుబడి. చెల్లినది హాలీ సిక్కా. నదులు దాటినచో కర్నూలు సీమలో ఆంగ్లేయుల రూపాయి, అనగా కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానమగుటచే, 140 హాలీకి కొన్న కోడెయు 120 కల్దార్లకు కొన్న కోడెయు ఒకే వెలవి. హాలీ చెలామణి 1959లో ముగిసినది. దానికి ముందటి అంకెలను, వెనుకటి అంకెలను ఒకే వరుసను పేర్చి, పశువుల ధరలు పడిపోయినవని పెద్దలవారు వాపోయిరి.

తమ గ్రంథమును వారు మరల అచ్చువేయింపదలచినచో, ప్రతి అంకెప్రక్కను నాణెము పేరైనను వేయింతురుగాక.