సత్యం గొంతు, మూడు గంటల క్యాసెట్

1986 వేసవిలో రేపల్లెలోని మా ఇంట్లో ‘మాయాబజార్’ ఆడింది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతున్న మా బాబాయి స్నేహితుని వద్ద వీహెచ్ఎస్ క్యాసెట్ సంపాదించి, తెనాలిలో దిగి, ఒక రాత్రికి వీసీఆర్ అద్దెకు మాట్లాడుకొని రేపల్లె రైలెక్కాడు. చీకటి పడేసరికి వీధిలో సగం మంది మా వసారాలోనే ఉన్నారు.

తాతయ్య ఆ చిత్రాన్ని 1957లో తెనాలిలో చూశారు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఘటోత్కచుడు పెళ్ళివంటల ముందు కూర్చొని పాట ఎత్తుకోగానే ఆయన మొహం చిట్లించి, “శ్రుతి హెచ్చిందిరా, ఇది సత్యం గొంతు కాదు” అన్నారు. అందరం నవ్వాము. చెవులు మందగించాయని నానమ్మ తేల్చేసింది. ఆయన మరి మాట్లాడలేదు.

ఎస్వీ రంగారావుకు ఆ పాట పాడిన మాధవపెద్ది సత్యం మాకు పరాయివాడు కాడు. బాపట్లకు దగ్గరలోని బ్రాహ్మణకోడూరు ఆయనది. కళాదర్శకులలో ఒకరైన గోఖలేదీ ఆ ఊరే. బలరాముడైన గుమ్మడిది తెనాలి పక్కన రావికంపాడు. నిర్మాతల్లో చక్రపాణి తెనాలి మనిషే. మద్రాసులో వెలసిన ఆ ద్వారకలో మావాళ్ళు ఇందరు! తాతయ్య పట్టుదలకు అదీ ఒక కారణమేమో.

ఆ క్యాసెట్ ఎలాగో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఈమధ్య బూజు దులిపి మళ్ళీ చూస్తే ఒక లెక్క కుదరలేదు. చిత్రం నిడివి 184 నిమిషాలు, క్యాసెట్టు 180 నిమిషాలది. ఒక్క సన్నివేశమూ తెగలేదు. మరి ఎలా పట్టింది? గడియారం పెట్టి చూశాను: 177 నిమిషాలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది, మన టీవీ పద్ధతి పాల్‌కు 25 కావాలి. ఫ్రేముకు ఫ్రేముగా ఎక్కిస్తే వేగం నాలుగు శాతం పెరుగుతుంది. దానితోపాటే శ్రుతీ, అర్ధస్వరంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా.

తాతయ్య చెవి అంత సన్నని తేడాను పట్టుకుంది. ఆయన 1991లో పోయారు.

2010లో వచ్చిన రంగుల మాయాబజార్ చూసి సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. కానీ అందులో కొన్ని పాటలు, పద్యాలు తీసేశారు. గీతలు పడినా మా క్యాసెట్టులో అన్నీ ఉన్నాయి.

మొన్న దానిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, వేగం నాలుగు శాతం తగ్గించి ఆ పాట పెట్టాను. మొదటి నవ్వుకే గొంతు బరువెక్కింది. వంటింట్లోనుంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ రాత్రి నవ్వినవారిలో ఆవిడా ఉంది.

“మామయ్యగారు చెప్పింది ఇదేనా?” అని అడిగి, పాట అయ్యేదాకా అక్కడే ఉండి, “మళ్ళీ పెట్టు” అంది.