గుడ్ల కాపలా నుంచి నది కాపలా దాకా

ఏటా పుష్య మాసంలో గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి, అక్కడి గోదావరి జలాన్ని ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌కు తెచ్చి నాగదేవత నాగోబాకు అభిషేకం చేస్తారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, అదే నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కడం మొదలుపెడతాయి. వాటిని కాపాడడానికి తూర్పు తీరంలో యాభై ఏళ్లుగా జరుగుతున్న ప్రయత్నాలను వరుసగా చూస్తే, ఇక మీదట చేయాల్సిన పని ఆదిలాబాద్ వాగుల దగ్గరే ఉందని తెలుస్తుంది.

మొదట్లో రక్షణ అంటే గుడ్లను దొంగల నుంచి కాపాడడమే. 1974లో సరీసృపాల నిపుణుడు రాబర్ట్ బస్టర్డ్ ఒడిశాలోని గహిర్మాథ తీరాన్ని శాస్త్రలోకం దృష్టికి తెచ్చేనాటికి, అక్కడి తాబేలు గుడ్లు పడవల కొద్దీ అమ్మకానికి వెళ్లేవి. అప్పటికే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కానీ 1977లోనే సముద్ర తాబేళ్లు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. అదే దశకంలో మద్రాసులో స్నేక్ పార్క్ నెలకొల్పిన రోములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రిళ్లు ఇసుకలో నడుస్తూ గుడ్లు సేకరించి పొదిగించడం మొదలుపెట్టారు. 1988లో విద్యార్థులు ఆ పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు.

తెలుగు తీరం మాత్రం చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. ఒడిశాలోలాగా లక్షల తాబేళ్లు ఒక్కసారే వచ్చే తీరం కాదిది. గోదావరి డెల్టాలో కోరింగ అభయారణ్యం 1978లోనే ఏర్పడినా, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఎక్కడెక్కడ గుడ్లు పెడుతున్నాయో స్పష్టమైన చిత్రం లేదు. బాసుదేవ్ త్రిపాఠీ, కార్తీక్ శంకర్, బి.సి. చౌధురి చేసిన సర్వే 2003లో అచ్చయ్యాక గోదావరి ముఖద్వారపు దీవుల విలువ బయటపడింది. ట్రాల్ వలల్లో చిక్కి చనిపోయిన తాబేళ్ల సంగతీ అందరికీ తెలిసింది.

తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. అది బయటపడేందుకు వలలో దారి వదిలే ‘టెడ్’ పరికరం వాడని దేశాల రొయ్యలను కొనబోమని అమెరికా 1996లో పట్టుబట్టింది. ఆ వివాదం ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేటకు విరామం ఉంది. కానీ తాబేళ్లు ఎక్కువగా ఒడ్డుకొచ్చేది అంతకు ముందే. ఆ కీలక నెలల్లో వాటిని కాపాడేది జాలర్ల జాగ్రత్తే. అందుకే 2002లో చెన్నైలో మొదలైన ట్రీ ఫౌండేషన్ జాలరి యువకులనే రక్షకులుగా నిలిపి, తర్వాత ఆంధ్ర తీరానికీ వచ్చింది. విశాఖలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పొదిగే కేంద్రాలు నడిపాయి. తెల్లవారకముందే జాడ పట్టి గుడ్లు తీయాలి, కొన్ని గంటల్లోనే అదే లోతులో మళ్లీ పాతాలి. ఆలస్యమయ్యాక గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం బతకదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి.

మన దేశంలో తీరాన్ని ఊడ్చే ఉద్యమం ఈ ప్రయత్నాల తర్వాతే బలపడింది. 1986లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైన తీర శుభ్రత దినం ప్రపంచమంతా పాకింది. ముంబయి వెర్సోవాలో న్యాయవాది అఫ్రోజ్ షా 2015లో చెత్త ఎత్తడం మొదలుపెడితే, 2018 మార్చిలో అదే ఇసుకలోంచి తాబేలు పిల్లలు సముద్రంలోకి నడిచాయి. 2022 ఆగస్టులో విశాఖ తీరంలో ఇరవై వేల మందికి పైగా పాల్గొని టన్నుల కొద్దీ చెత్త ఎత్తారు. ఈ పని ఎంత అవసరమో తాబేలు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. గొయ్యి తవ్వేటప్పుడు వల ముక్కలు అడ్డొస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. అరచేతిలో పట్టే పిల్లకు ప్లాస్టిక్ కుప్ప దాటలేని గోడ. అయితే ఊడ్చడానికీ పద్ధతుంది. గుడ్ల కాలానికి ముందే, యంత్రాలతో కాకుండా చేతులతో, ఇసుకను పట్టి ఉంచే తీగలను పీకకుండా ఊడ్చాలి.

ఎంత ఎత్తినా చెత్త మళ్లీ వస్తూనే ఉంది. ఎందుకంటే అందులో కొంత నదులు మోసుకొచ్చేదే. సముద్రాల్లోకి నదులు తెచ్చే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే నేరం ఏ ఒక్క మహానదిదో కాదు, ప్రతి ఊరి వాగుకూ అందులో వాటా ఉంది. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి ప్రవాహం గట్టుమీద వదిలేసిన కవర్లను, సీసాలను ఆనకట్టల గేట్లు దాటించి ఈడ్చుకుపోతుంది.

గుడ్ల దొంగలను చట్టం ఆపింది. వలలో దారి వదలడం జాలరి నేర్చుకుంటున్నాడు. ఇసుకను విద్యార్థులు శుభ్రం చేస్తున్నారు. మిగిలింది ఎగువన ఉన్న మన వంతు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. బాసర, ధర్మపురి, మంచిర్యాల, కాళేశ్వరం ఘాట్లలో ఏ రోజు చెత్త ఆ రోజే ఎత్తాలి. తొలకరికి ముందే పెన్‌గంగ, ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో, వాగుల్లో పేరుకున్నదంతా ఏరేయాలి. పంచాయతీలు, కాలేజీలు, గంగపుత్ర సంఘాలు ఇప్పటి నుంచే ఈ పనిని పంచుకోవాలి. నాగోబా కోసం గోదావరి నీటిని నేలకు దించకుండా మోసే గడ్డకు, నదిని శుభ్రంగా సముద్రానికి అప్పగించడం అసాధ్యమేమీ కాదు.