బల్లకు బెజ్జాలు ఎందుకు?

ఢిల్లీలో అశోకా రోడ్డు మీదుగా ఇండియా గేటు వైపు వెళితే హైదరాబాద్ హౌస్ కనిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం 1920లలో ఎడ్విన్ లుటియెన్స్ రూపొందించిన, సీతాకోకచిలుక ఆకారపు భవనమది. పక్కనే ఆంధ్ర భవన్. ఆ కాలపు భవనాల తలుపులను చూసినప్పుడు మీకొక సందేహం కలిగిందా? చిత్రిక పట్టడానికి వడ్రంగికి రెండు చేతులూ కావాలి. మరి చెక్కను కదలకుండా పట్టుకునేది ఏది?

మన వడ్రంగుల పాత జవాబు: కాలు. నేలమీద కూర్చుని, చెక్కను పాదంతో అదిమిపట్టి పనిచేస్తారు. దీన్ని వెనుకబాటుతనం అనుకోకండి. పాదం ఏ ఆకారానికైనా ఒదుగుతుంది, పని ఎక్కడుంటే అక్కడికి వెంట వస్తుంది. కాకపోతే ఉలి జారితే దెబ్బ తగిలేది ఆ కాలికే.

ఐరోపాలో ఈ పనిని బల్లకు అప్పగించారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చివేసిన హెర్క్యులేనియం నగరపు గోడచిత్రంలో, పొట్టి బల్లమీద చెక్కను ఇనుప కొక్కెం అదిమిపట్టి ఉంది. న్యూరెంబర్గ్‌లో 1505లో గీసిన లోఫెల్‌హోల్జ్ బొమ్మల్లో బల్లకు మరతో బిగించే వైస్ కూడా చేరింది. ఫ్రాన్సులో రూబో 1769 నుంచి వెలువరించిన వడ్రంగం గ్రంథంలో బల్ల వివరంగా కనిపిస్తుంది.

బెజ్జం చేసే పని ఏమిటి? అందులో అడ్డుచీల దిగేస్తే, చిత్రిక తోపుకు చెక్క ముందుకు జారదు. ఈ చీలకు ఇంగ్లీషులో బెంచ్ డాగ్ అని పేరు, అంటే బల్లకుక్క! ఇనుప కొక్కెం సంగతి వేరు. సుత్తితో కొడితే దాని కాడ కొద్దిగా ఒరిగి, బెజ్జం గోడలను ఎదురెదురుగా రెండు చోట్ల ఒత్తుతుంది. ఆ రాపిడే దాన్ని నిలుపుతుంది. వెనుక నుంచి చిన్న దెబ్బ వేస్తే వదులవుతుంది. అందుకే బెజ్జం నిటారుగా ఉండాలి.

బెజ్జాల మధ్య దూరానికీ లెక్క ఉంది. బల్ల చివరనున్న వైస్ 15 సెం.మీ. తెరుచుకుంటుందనుకోండి. బెజ్జాలు 20 సెం.మీ. ఎడంలో ఉంటే, ఒక బెజ్జం నుంచి వైస్ అందుకోలేని, తరువాతి బెజ్జానికి చాలని పొడవులు ప్రతిసారీ 5 సెం.మీ. మేర మిగిలిపోతాయి. 10 సెం.మీ. ఎడం ఉంటే ఆ ఖాళీ రాదు. అంటే ఎడం వైస్ తెరుచుకునే దూరాన్ని మించకూడదు.

బెజ్జం సాధారణంగా ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. 20 మి.మీ. కూడా వాడుకలో ఉంది. 19 మి.మీ. చీల 20 మి.మీ. బెజ్జంలో వదులుగా ఆడుతుంది కనుక, మొదటి బెజ్జానికి ముందే కొలత తేల్చుకోవాలి. బరమా అడుగున బయటపడేటప్పుడు బల్ల పెచ్చులూడకుండా కింద పనికిరాని చెక్కను గట్టిగా అదిమి ఉంచాలి.

మీ ఊరి వడ్రంగి దగ్గరకు వెళ్ళి చూడండి. అతనికి బల్ల ఉంటే బెజ్జాల ఎడం, వైస్ తెరుచుకునే దూరం కొలవండి. బల్ల లేకపోతే అతని పాదాన్ని గమనించండి. లెక్క అక్కడా ఉంది. దాన్ని ఎవరూ కాగితంమీద రాయలేదు, అంతే.