బల్దియా జమాఖర్చుల్లో మనమెక్కడ?

తెలుగువాళ్లు పన్ను గురించి మాట్లాడాలంటే మా మాటలతోనే మాట్లాడాలి. వసూలు, బకాయి, జప్తు, రసీదు, జమ, ఖర్చు, దరఖాస్తు - ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగు నోళ్లలో స్థిరపడిపోయిన మాటలు. హైదరాబాదులో మునిసిపాలిటీని ఇప్పటికీ బల్దియా అనే అంటారు. తెలుగు పత్రికల హెడ్డింగుల్లో కూడా బల్దియాయే. అరబ్బీలో ‘బలద్’ అంటే ఊరు. ఊరి బాగోగులు చూసేది బల్దియా.

మాటలు ఇంతగా కలిసిపోయాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికే లెక్క మారిపోతుంది. “పాతబస్తీ వాళ్లు పన్నులు కట్టరు. కరెంటు బిల్లులు కట్టరు. మిగతా ఊరంతా కట్టే డబ్బు మీద బతుకుతారు.” ఈ మాట ఇరానీ హోటల్లో వినిపిస్తుంది, ఆఫీసులో వినిపిస్తుంది, ఎన్నికల సభలో మైకులోంచి కూడా వినిపిస్తుంది. దేశద్రోహి అన్న నింద ఒకటి ఎప్పుడూ మా నెత్తిమీద ఉండనే ఉంది. దానికి తోడు పన్ను ఎగవేతదారు అన్న నింద ఇంకొకటి. మొదటిదానికి జవాబు చెప్పీ చెప్పీ మేం అలిసిపోయాం. రెండోదాని జోలికి మాత్రం ఎవరూ పెద్దగా పోలేదు. దానికి జవాబు చెప్పాలంటే బల్దియా చరిత్ర తిరగేయాలి. పన్ను ఎవరు వేశారు, ఎవరు కట్టారు, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో ఎవరు తేల్చారు అని అడగాలి.

హైదరాబాదులో మునిసిపల్ పాలన 1869లో మొదలయింది. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలం అది. ఊరిని నాలుగు భాగాలుగా, మూసీకి ఉత్తరాన చాదర్‌ఘాట్ శివారును అయిదు భాగాలుగా విభజించారు. 1886లో చాదర్‌ఘాట్‌ని వేరే అధికారికి అప్పగించారు. అది వేరే మునిసిపాలిటీ అయింది. ఊరు ఒకటే, బల్దియాలు రెండు. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలంటే అక్కడ ఎవరున్నారో చూడాలి. చాదర్‌ఘాట్ వైపు బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. దాని చుట్టూ బ్రిటిష్ అధికారం నడిచే రెసిడెన్సీ బజార్లున్నాయి. 1874లో వచ్చిన రైలు కూడా ఉత్తరం వైపే వచ్చింది. కొత్త కొలువులు, కొత్త బంగళాలు, కొత్త రోడ్లు ఆ దిక్కుకే నడిచాయి. ప్రహరీగోడ లోపలి పాత ఊరు మూసీకి ఇవతల మిగిలిపోయింది. ఇవాళ మూసీ మీద కనిపించే గీతని మేం గీయలేదు. మా మత ఛాందసమూ గీయలేదు. నూట ముప్పై ఏళ్ల కిందటే బల్దియా దస్తావేజుల్లో అది ఉంది.

“నిజాం మీవాడే కదా, అప్పుడు మీరు బాగా బతికారు కదా” అంటారు. ఈ ప్రశ్నలోనే ఒక మోసం ఉంది. దేవిడీల్లో ఉన్న నవాబుల్ని, ఆ దేవిడీల వెనక గల్లీల్లో ఉన్న భిస్తీల్ని, టాంగావాలాల్ని, ఖసాబుల్ని, బీడీలు చుట్టే ఆడవాళ్లని ఒకే గాటన కట్టేసే మోసం అది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయినప్పుడు ఏటిగట్టు మీద కాపురాలున్న పేదల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు. పత్తర్‌గట్టి రాతి కమానులు లేచాయి. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. అవన్నీ మంచి పనులే. వాటిని చూసి ఇవాళ అందరం గర్వపడతాం. అయితే ఏ బస్తీ లేవాలో, ఏ రోడ్డు పడాలో తేల్చినప్పుడు ఆ బస్తీ మనిషిని, ముస్లిమైనా హిందువైనా, అడిగిన పాలన మాత్రం కాదది.

1933లో హైదరాబాదు, చాదర్‌ఘాట్ కలిసి కార్పొరేషన్ అయ్యాయి. రెసిడెన్సీ బజార్లు కూడా అదే సంవత్సరం తిరిగి నిజాం ప్రభుత్వానికి వచ్చాయి. 1934లో తొలిసారి ఎన్నికలు జరిగాయి. ఓటు మాత్రం అందరికీ లేదు. ఇల్లూ వాకిలీ, హోదా ఉన్నవాళ్లకే దారి దొరికింది. 1937లో బంజారా, జూబిలీ కొండల మీద స్థిరపడ్డ పెద్దల కోసం జూబిలీహిల్స్ మునిసిపాలిటీ విడిగా పుట్టింది. డబ్బున్నవాళ్లు ఊరినుంచి తమ లెక్క తాము విడదీసుకోవడం చాదర్‌ఘాట్‌తో మొదలయి జూబిలీహిల్స్ దాకా వచ్చింది. అలవాటు పాతదే. మనుషులే మారారు.

1948 సెప్టెంబరు తర్వాత పాత ఊరి కాళ్ల కింద నేల కదిలింది. నిజాం సైన్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఉర్దూ రాజభాష కాకుండా పోయింది. జాగీర్ల రద్దు న్యాయమైన పనే, అందులో సందేహం లేదు. కానీ ఆ జాగీర్లని, ఆ దేవిడీలని, ఆ దఫ్తర్లని నమ్ముకుని బతికిన చిన్న కొలువుల వాళ్లకి, నౌకర్లకి, కార్ఖానాల పనివాళ్లకి బదులు బతుకు ఎవరూ చూపించలేదు. పాతబస్తీలో అద్దెలు పడిపోయింది, ఇళ్లు పగుళ్లిచ్చింది ఆ దెబ్బకే. పన్ను కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

హైదరాబాదులో ఇంటిపన్నుని అద్దె విలువ మీద కడతారు. ఈ ఇంటికి నెలకి ఎంత అద్దె వస్తుంది అని అంచనా వేసి, దాన్ని ఏడాదికి లెక్కగట్టి, అందులో శాతం తీసుకుంటారు. నెల అద్దె విలువ 50 రూపాయల్లోపు ఉంటే పన్ను లేదు. ఆ పైన నివాస ఇళ్లకి 17 శాతంతో మొదలయి, నెలకి 300 దాటితే 30 శాతం. అందులో సాధారణ పన్ను ఉంది, పారిశుద్ధ్యం పన్ను ఉంది, దీపాల పన్ను ఉంది, డ్రైనేజీ పన్ను ఉంది. అంటే మోరీ తీసినందుకు, వీధిలైటు వెలిగించినందుకు అని పేరు పెట్టి మరీ తీసుకుంటారు.

ఇప్పుడు ఆలోచించండి. అద్దె ఎందుకు పెరుగుతుంది? రోడ్డు బాగుంటే పెరుగుతుంది. నల్లా వస్తే, మోరీ పొంగకపోతే, పక్కన పార్కూ బడీ ఉంటే పెరుగుతుంది. ఇవన్నీ సర్కారు ఖర్చుతో వచ్చేవే. ఎక్కడ ఖర్చుపెడితే అక్కడ అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగిన చోట పన్ను పెరుగుతుంది. పన్ను పెరిగినవాళ్లు “మేం ఎక్కువ కడుతున్నాం, మాకే ఖర్చుపెట్టండి” అంటారు. ఖర్చుపెట్టని చోట అద్దె లేవదు, పన్ను లేవదు. “వీళ్లు కట్టేదెంత, వీళ్లకెందుకు పెట్టాలి” అంటారు. పాతబస్తీ ఇంటిపన్ను తక్కువ కావడం నేరం అన్నట్టు చూపిస్తారే, అది చాలావరకు ఈ నిర్లక్ష్యం రాసిచ్చిన రసీదు. దళితవాడలకీ ఇదే లెక్క. ఇక కట్టనివాళ్ల సంగతి. పాతబస్తీలో బకాయిదారులు ఉన్నారు. అన్ని బస్తీల్లోనూ ఉన్నారు. పెద్ద పెద్ద భవనాల్లోనూ, ప్రభుత్వ ఆఫీసుల్లోనూ ఉన్నారు. ఆ బకాయిలకి మాత్రం ఎవరూ మతం అంటగట్టరు.

మా చేతికి ఓటు వచ్చేసరికి బల్దియా చేతిలో ఏం మిగిలింది? 1955 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం పని చేయించే అధికారం ప్రభుత్వం పంపే కమిషనర్‌ది. 1975 చట్టంతో నగర ప్రణాళిక హుడా చేతికి పోయింది. 1987 చట్టంతో వృత్తి పన్ను రాష్ట్రం వసూలు చేసుకునేది అయింది. 1989లో మంచినీళ్లు, డ్రైనేజీ చూడటానికి వాటర్‌బోర్డు వచ్చింది. ఈ మధ్యలోనే, 1986లో, బల్దియా ఎన్నికలు జరిగాయి. మజ్లిస్ నాయకత్వంలో కౌన్సిల్ ఏర్పడింది. ఆ పార్టీ కె. ప్రకాశ్‌రావు లాంటి ముస్లిమేతరుల్ని కూడా మేయర్ కుర్చీలో కూర్చోబెట్టింది. మతతత్వం అని ముద్ర వేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అయితే కుర్చీ దొరికిన వేళకి పెట్టె సగం ఖాళీ అయిపోయింది.

ఆ కౌన్సిల్ గడువు తీరాక ఏం జరిగింది? 2002 దాకా ఎన్నికలే లేవు. 1993 జూన్ 1 నుంచి 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, పట్టణాలకి స్వయంపాలన అన్నారు. ఆ స్వయంపాలన రాష్ట్ర రాజధానికే రాలేదు. దాదాపు పదేళ్లు హైదరాబాదుని అధికారులే పాలించారు. ఇంటిపన్ను ఎవరికి వారే లెక్కగట్టి కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్ పద్ధతి 1999లో వచ్చింది. అది ఆ పదేళ్లలోనే! పద్ధతి మంచిదే కావచ్చు. కానీ జనం ఎన్నుకున్న ఒక్క కార్పొరేటరైనా లేని ఊళ్లో పన్ను పద్ధతి మారింది. కట్టాల్సిన లెక్క మాత్రం జనం చేతికిచ్చారు. ఖర్చు లెక్క చేతికివ్వలేదు.

2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. పటమర హైటెక్ వైపు కట్టడాలు లేచాయి, పన్నులు లేచాయి. మూసీ గీత ఇంకాస్త పొడుగు సాగింది. 2021, 2022లలో ఒవైసీ జంక్షన్, బహదూర్‌పురా, చాంద్రాయణగుట్టల దగ్గర ఫ్లైఓవర్లు వచ్చాయి. రాలేదని అనం. కానీ ఫ్లైఓవర్ కింద గల్లీలో మోరీ ఉంటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకి అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ మునిగాయి. వరద పోయాక ఇంటికి 10 వేల రూపాయల సాయం అన్నారు. నవంబరులో, ఏడాదికి 15 వేలలోపు ఇంటిపన్ను కట్టేవాళ్లకి ఆ ఏడాది సగం మాఫీ అన్నారు. డిసెంబరు 1న ఎన్నికలు. అంతకుముందు 2016 బల్దియా ఎన్నికల ముంగట కూడా ఇంతే. ఏడాదికి 1,200 రూపాయల్లోపు పన్నుని 101 రూపాయలు చేశారు. పేదవాడికి మాఫీ వద్దని ఎవరం అంటాం? కానీ మాఫీ తీసుకున్న మనిషి మోరీ గురించి గట్టిగా అడగలేడు. “నీ పన్నెంత?” అంటారు. మాఫీతో నోరు మూయించడం వాళ్లకి తెలుసు. మా నాయకులకీ తెలుసు. సర్టిఫికెట్ ఇప్పిస్తాం, నల్లా ఇప్పిస్తాం, బకాయి ఆపిస్తాం అంటూ హక్కుని మెహర్బానీగా మార్చి పంచేవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లని అడగకుండా వదిలితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు.

ఆంధ్ర వైపు ఇంకో రకం కష్టం. అక్కడ 2020లో చట్టం మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. ఇళ్లకి 0.10 నుంచి 0.50 శాతం దాకా. ఒకేసారి 15 శాతానికి మించి పెంచబోమన్నారు. అంటే ఏటేటా ఎక్కుతూనే ఉంటుందని అర్థం. చాలా ఊళ్లలో ముస్లింలు మసీదు చుట్టూ, పాత బజారు మధ్యన ఉంటారు. తాతల నాటి పెంకుటిల్లు, నలుగురు అన్నదమ్ముల వాటాలు. కింద టైలరు మిషనో, సైకిల్ షాపో. చేతిలో సంపాదన లేదు, కాళ్ల కింద నేలకి మాత్రం రిజిస్ట్రేషన్ ధర ఉంది. అద్దె లెక్కలో “తక్కువ కట్టేవాళ్లు” అనిపించుకున్న మనిషి, ధర లెక్కలో కట్టలేని మనిషి అవుతాడు. 2021లోనే చెత్తకి కూడా ఇంటింటికీ రుసుం పెట్టారు. జనం తిట్టుకున్నారు. ప్రభుత్వం మారాక 2024 చివర్లో దాన్ని తీసేశారు. గట్టిగా అడిగితే పన్ను దిగుతుందని కూడా ఈ కథ చెబుతుంది.

2006లో సచార్ కమిటీ దేశమంతా తిరిగి చూసి, ముస్లింలు ఎక్కువగా ఉండే చోట్ల రోడ్లు, నీళ్లు, మురుగు కాలవలు, ఆస్పత్రులు సరిగా లేవని రాసింది. ఆ నివేదికని ఉద్యోగాల కోసం, చదువుల కోసం ఎత్తి చూపించాం. మోరీ కోసం ఎత్తి చూపించలేదు. మన అస్తిత్వ చర్చ భాష చుట్టూ, బురఖా చుట్టూ, మసీదు చుట్టూ తిరిగినంతగా వార్డు బడ్జెట్ చుట్టూ తిరగలేదు. వార్డు వారీగా వసూలెంత, ఖర్చెంత అని సమాచార హక్కు చట్టం కింద 2005 నుంచీ అడగవచ్చు. ఇంటిపన్ను రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ పైసల్లో మా గల్లీకి ఎన్ని ఉర్దూ పుస్తకాలొచ్చాయి, ఎన్ని తెలుగు పుస్తకాలొచ్చాయి అని అడగవచ్చు. ఈ ప్రశ్నలు ముస్లిం ఒక్కడే అడగాల్సినవి కావు. పక్క దళితవాడతో కలిసి అడిగితే జవాబు తొందరగా వస్తుంది.

2019 చివర్లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇళ్లలో పాత పెట్టెలు దింపారు. తాతల పేరున్న కాగితాలు వెతికారు. వాటిలో బల్దియా ఇంటిపన్ను రసీదులున్నాయి, చిరిగి, పసుపెక్కి. ఈ దేశంలో ఉన్నామని రుజువు చేసుకోడానికి వాటిని దాచుకోవాల్సి రావడం మాకు అవమానం. ఆ రసీదుల అసలు ఉపయోగం అది కాదు. డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకుంటూ బల్దియా సంతకం పెట్టి ఇచ్చిన కాగితాలవి. మేం ఎవరమో వాటిని చూపించి చెప్పుకోవడం ఇక చాలు. మా తాతల నుంచి, మా నాన్నల నుంచి, మా నుంచి తీసుకున్న దీపాల పన్ను, మోరీ పన్ను ఏ వీధిలో వెలిగిందో, ఏ వీధిలో పారిందో బల్దియాయే చెప్పాలి. లెక్క అడిగే వంతు మాది.